శ్రమ - శరీరం - సాహిత్యం

అభ్యుదయ సాహిత్యం మన భాషలో శ్రమకు గౌరవం తెచ్చిపెట్టింది. ఇందులో వివాదం లేదు. 1950లో పుస్తకంగా వెలువడిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని 'ప్రతిజ్ఞ' పొలంలో, గనిలో, కార్ఖానాలో పనిచేసేవాళ్లను కావ్యవస్తువు చేసింది. అది చిన్న పని కాదు. అయితే ఆ దారిన వచ్చిన గేయాలనూ కథలనూ పరిశీలిస్తే, చాలావాటిలో ఒక లోపం కనబడుతుంది. కూలివాడికి ఆకలి ఉంటుంది, చెమట ఉంటుంది, ఆగ్రహం ఉంటుంది, ఊపిరితిత్తులు ఉండవు. అతనికి జబ్బు చేస్తే అది పేదరికంవల్ల వచ్చిన జబ్బే అవుతుంది గాని, చేసిన పనివల్ల వచ్చిన జబ్బు కాదు.

ఈ తేడా స్వల్పమైనది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లో వృత్తిరోగాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని వైద్యుడు వెనకటినుంచీ అడుగుతూ వస్తున్న ప్రశ్నలకు ఇంకొక ప్రశ్న చేర్చాలన్నాడు: నువ్వేం పని చేస్తావు? మన విమర్శకులు కూడా కథలోని రోగిని ఈ ప్రశ్న అడగటం నేర్చుకోవాలి.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం ప్రాంతాన్నే తీసుకుందాం. ఇది చెరకూ, బెల్లమూ, మామిడీ పండే నేల. గానుగలోకి గడలు తోసే మనిషి చెయ్యి రోలర్ల మధ్య పడితే వేళ్లు నలిగిపోతాయి. కాగే పాకం మీద చిందితే ఒళ్లు కాలుతుంది. మామిడి కోతలో కొమ్మ విరిగితే నడుము విరుగుతుంది. వీటిని ఊరంతా చూస్తుంది. చూసి, ఖర్మ అంటుంది, లేదా అజాగ్రత్త అంటుంది. రోలర్లకు అడ్డు ఎందుకు లేదనీ, ఆ మనిషి ఎన్ని గంటలు నిద్ర లేకుండా గడలు తోశాడనీ అడగదు. చట్టం కూడా చిన్న గానుగ దాకా రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు యంత్రం ఉన్నచోట పదిమంది పనివాళ్లను హద్దుగా పెట్టుకుంది. 2020 నాటి వృత్తిభద్రతా సంహిత ఆ పదిని ఇరవై చేసింది.

గాయం సంగతే ఇలా ఉంటే, కంటికి కనబడని జబ్బు సంగతి చెప్పనక్కర లేదు. బంగారుపాళ్యం మీదుగా బెంగుళూరు బాటన పడమటికి సాగి, దక్షిణానికి తిరిగితే కోలారు బంగారు గనులు వస్తాయి. 2001లో మూతబడేదాకా చిత్తూరు, ఉత్తరార్కాటు జిల్లాలనుంచి వెళ్లిన కూలీలు, ముఖ్యంగా దళితులు, అక్కడ తరతరాలుగా రాయి తొలిచారు. ఆ రాతిలో సిలికా ఉంది. తొలిచేటప్పుడు లేచే దుమ్ములో కంటికి ఆనని రేణువులు ఊపిరితిత్తుల అట్టడుగుదాకా పోతాయి. వాటిని మింగిన రక్షకకణాలు చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ కట్టి, మెత్తని కండ గట్టిపడుతుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. మందు లేదు. పని మానేసినా ముదరవచ్చు. క్షయ కూడా సులభంగా పట్టుకుంటుంది. 1940లలో అక్కడ వేలాదిమందిని పరీక్షించినప్పుడు నూటికి నలభైమందికి పైగా ఈ వ్యాధి బయటపడింది.

జబ్బు బయటపడటానికి చాలామందిలో పదేళ్లూ అంతకంటె ఎక్కువా పడుతుంది. ఆ సరికి కూలివాడు సొంత ఊరు చేరుకుని ఉండవచ్చు. అక్కడ అతను దగ్గుతూ ఉంటే గని ఎవరికీ గుర్తురాదు. యజమానికి కావలసింది సరిగ్గా ఈ మరపే. 'పాపం, దగ్గుతో పోయాడు' అని రాసే రచయిత తెలియకుండానే ఆ మరపుకు సాయపడతాడు.

ఎమిల్ జోలా 1885లో వెలువరించిన 'జెర్మినాల్'లో ముసలి బొన్‌మోర్ ఉమ్మితే నల్లగా పడుతుంది. ఎనిమిదో ఏట గనిలో అడుగుపెట్టినవాడి ఒంట్లో చేరిన బొగ్గు అది. చివరకు అతను గనిలో వాటా ఉన్నవాళ్ల కూతురి గొంతు నులుముతాడు. ఆ హత్యను మనం సమర్థించం. కాని ఆ చేతులు ఎక్కణ్ణుంచి వచ్చాయో జోలా మొదటినుంచీ చూపుతూ వచ్చాడు గనక, అది మనకు ఆకస్మికంగా తోచదు. అక్కడ వ్యాధి అలంకారం కాదు, కథకు కారణం.

వ్యాధి వైద్యుల విషయం, రచయితకెందుకు అనవచ్చు. మార్క్స్ వైద్యుడు కాదు. అయినా 'పెట్టుబడి'లో కుమ్మరిపనివాళ్ల రొమ్ముజబ్బుల గురించి వైద్యుల సాక్ష్యాలు ఏరి పెట్టాడు. పనిదినం పొడవు శరీరంలో ఎట్లా నమోదవుతుందో అవి చెప్పాయి.

ఇంకొక భ్రమ కూడా వదులుకోవాలి. కోలారు గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి. యజమాని మారినంత మాత్రాన రాయి గుణం మారదు. నీళ్లు పెట్టి తొలవటం, గాలి ఆడేట్టు చెయ్యటం, దుమ్మును కొలవటం, ఏటా రొమ్ము పరీక్ష చేయించటం - వీటికోసం వేరే పోరాటం కావాలి. దుమ్ము అలాగే ఉంచి కూలి పెంచితే, ఊపిరితిత్తులకు కాస్త మంచి ధర పలికిందనే అర్థం.

కాబట్టి చెమటను కీర్తించటంతో మన బాధ్యత తీరలేదు. శ్రామికుణ్ణి కథలోకి తెచ్చే రచయిత అతను ఏ పని, ఏ పనిముట్టుతో, ఎన్ని గంటలు, ఏ గాలి పీలుస్తూ చేస్తాడో తెలుసుకుని రాయాలి. అది తెలియకుండా చేసిన కీర్తన ఎంత ఉద్రేకంగా ఉన్నా, అందులోని మనిషికి శరీరం ఉండదు.