మత్తడి ముందు చార్జింగ్ బండి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చార్జింగ్ బండిగా పేరుపడిన విద్యుత్ మోటారు సైకిల్ గురించి వానాకాలంలో మొదట వినబడే సందేహం, తడిస్తే కరెంటు కొడుతుందేమో అన్నది. తడి చేతులతో బోరు స్టార్టరును ముట్టి ప్రాణం పోగొట్టుకున్న రైతుల ఉదంతాలు వింటూ పెరిగిన మెట్ట ప్రాంతంలో ఈ భయం పుట్టడం సహజమే గాని, అది పట్టుకోవలసిన చోటును వదిలి వేరే చోట పట్టుకున్నది. స్తంభం నుంచి వచ్చే విద్యుత్తులో ఒక కొసను ట్రాన్స్‌ఫార్మర్ వద్ద భూమికి కలిపి ఉంచుతారు కనుక, తీగను తాకిన మనిషి ఒంటి గుండా కరెంటు నేలకు దారి చేసుకుంటుంది. బండిలోని బ్యాటరీకి ఉన్న రెండు కొసల్లో ఏదీ భూమితో కలిసి ఉండదు, చట్రంతోనూ కలవకుండా విడిగా ఉంచుతారు. వోల్టేజీ కూడా ఎక్కువ బండ్లలో 48 నుంచి 72 మధ్యనే ఉంటుంది. వానలో తడుస్తూ పోయే మనిషికి ఆ బండి వల్ల షాకు తగలాలంటే ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ రక్షణలు విఫలం కావాలి.

తయారీదారులు ప్రచారంలో వాడే ఐపీ 67 అనే గుర్తును కూడా ఇక్కడే వివరించుకోవాలి. యంత్రపు పెట్టెలోకి దుమ్ము, నీరు ఎంతవరకు చొరబడవో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం అది. మొదటి అంకె 6 దుమ్ము అసలు చొరబడదని, రెండో అంకె 7 ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచి ఉంచినా హాని జరిగేంత నీరు లోపలికి చేరదని చెబుతాయి. ఈ పరీక్షను నిలిచి ఉన్న మంచి నీటిలో, కొత్త పెట్టె మీద చేస్తారన్న సంగతి మాత్రం ప్రచారంలో వినిపించదు. మూడు ఎండాకాలాలు చూసిన రబ్బరు వాషరు ఆ పరీక్షకు నిలుస్తుందన్న హామీ ఆ అంకెలో లేదు. ఎండలో నిలిపిన బండి బ్యాటరీ పెట్టె వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించినప్పుడు, హఠాత్తుగా వాన పడి పెట్టె చల్లబడితే లోపలి పీడనం తగ్గి బయటి తేమను లోనికి పీల్చుకోజూస్తుంది. అందుకే మంచి పెట్టెలకు గాలిని పోనిచ్చి నీటిని ఆపే సన్నని పొర ఉన్న చిన్న రంధ్రం అమర్చుతారు. ఆ రంధ్రాన్ని బురద మూసేసినప్పుడు గాలి అరిగిన వాషరు సందునే వెతుక్కుంటుంది. మునక పరీక్షలో నెగ్గిన పెట్టె నీటిధాటి పరీక్షలో నెగ్గినట్టు కాదని కూడా అదే ప్రమాణం అంటుంది కాబట్టి, వాన వెలిశాక బురద కడిగించడానికి వాటర్ సర్వీసింగ్ కొట్టుకు తీసుకుపోయి కనెక్టర్ల మీదికి పైపు పెట్టించడం, వానలో పది మైళ్లు నడపడం కంటే బండికి ఎక్కువ హాని చేయవచ్చు.

కరెంటు భయం నిజంగా తగిన చోటు ఇంటి అరుగు. చార్జింగ్ పెట్టినంతసేపూ చార్జరు స్తంభపు కరెంటుతోనే ముడిపడి ఉంటుంది. జల్లు కొట్టే వసారాలో నేల మీద పడి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎర్తింగ్ లేని రెండు కాళ్ల ప్లగ్గు, తడి కాళ్లు మూడూ కలిస్తే అది బోరు స్టార్టరుకు ఏమీ తీసిపోదు.

రోడ్డు మీదికి వస్తే లెక్క మారుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, టైరుకూ తారుకూ మధ్య పట్టును కొలిచే ఘర్షణ గుణకం 0.7 ఉన్న పొడి రోడ్డు మీద బ్రేకు పట్టాక సుమారు 14 మీటర్లలో ఆగితే, ఆ గుణకం 0.4కు పడిపోయిన తడి రోడ్డు మీద 25 మీటర్లు తీసుకుంటుంది. ప్రమాదాన్ని చూసి చేయి బ్రేకును పట్టేలోపు గడిచే క్షణంలో బండి సాగిపోయే దూరం దీనికి అదనం. ఇది ఏ బండికైనా ఒకటే. విద్యుత్ బండికి ప్రత్యేకమైనది మోటారు తిప్పే బలం, అంటే టార్కు, కదిలీ కదలకముందే పూర్తిగా అందడం. పెట్రోలు బండిలో క్లచ్చు, గేరు, ఇంజను చప్పుడు కలిసి వెనుక చక్రం జారబోతున్నదన్న సమాచారాన్ని నడిపేవారికి చేరవేసేవి. ఇక్కడ ఆ మూడూ లేకపోవడంతో మణికట్టు ఒక్కటే ఆ పని చేయాలి. థ్రాటిల్ వదిలినప్పుడు మోటారే జనరేటరుగా మారి చక్రాన్ని నిలువరిస్తూ బ్యాటరీకి కొంత శక్తిని తిరిగి పంపే పద్ధతిని పునరుత్పాదక బ్రేకింగ్ అంటారు. ఆ నిలువరింపు వెనుక చక్రం మీదనే పడుతుంది గనుక, మలుపులో థ్రాటిల్‌ను ఒక్కసారిగా వదలడమంటే తెలియకుండానే వెనుక బ్రేకు తొక్కడంతో సమానం. వానలో ఆ నిలువరింపును తక్కువ స్థాయిలో పెట్టుకుని, నెమ్మదిగా వదులుతూ, ముందు బ్రేకును మెల్లగా బిగించడం అలవాటు చేసుకున్నవారు మిర్యాలగూడ వైపు ఆయకట్టు రోడ్లలో కొంత నిశ్చింతగా పోగలరు.

ఆ రోడ్లను ప్రత్యేకంగా పేర్కొనడానికి కారణం ఉంది. నాట్ల కాలంలో దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప కేజీవీల్స్‌తోనే పొలం నుంచి తారు మీదికి ఎక్కి, చక్రాల పట్టీల నడుమ ఇరుక్కున్న మట్టిని పెళ్లలు పెళ్లలుగా రాల్చుకుంటూ పోతాయి. ఎండలో ఆ పెళ్ల వట్టి మట్టిగడ్డ, జల్లు పడ్డ అయిదు నిమిషాలకు అదే సబ్బులా జారుతుంది. కోతల కాలంలో అకాల వాన వస్తే రోడ్డు సగం మేర ఆరబోసిన వడ్ల మీద హడావుడిగా కప్పిన పట్టాలు, వాటి అంచులకు పెట్టిన రాళ్లు చీకట్లో హఠాత్తుగా ఎదురవుతాయి. రోడ్డు మీద వడ్లు పోయడాన్ని తప్పుపట్టడం సులువే గాని, కల్లం లేని రైతు ఆ పంటను మరెక్కడ ఆరబెట్టాలో చెప్పకుండా తప్పుపట్టడం న్యాయం కాదు. గొర్రెల మందల వెనుక గొంగడి కప్పుకుని నడిచే కాపరికి వాన హోరులో ఈ బండి చప్పుడు ఏమాత్రం వినబడదు కనుక, హారన్‌ను దూరం నుంచే, మంద బెదరకుండా చిన్నగా మోగించడం మేలు.

అయితే ఈ యంత్రం తెచ్చిన అసలు మార్పు వాగు దగ్గర కనిపిస్తుంది. పెట్రోలు ఇంజను గాలి పీల్చి, పొగ వదిలి బతుకుతుంది. నీరు గాలి వడపోత దాకా లేస్తే అది ఆగిపోతుంది, నడిరోడ్డు మీద బండిని నెట్టుకునే తిప్పలు తెలిసినవారు గట్టునే నిలబడిపోతారు. విద్యుత్ బండికి పీల్చే ముక్కూ, వదిలే గొట్టమూ లేవు. నిలిచిన నీటిలో ఇది గొప్ప సౌకర్యం. పారే నీటిలో మాత్రం, యంత్రమే ఇచ్చే హెచ్చరిక పోయి, ఆగాలన్న నిర్ణయం మొత్తం నడిపేవారి మీదికి వచ్చింది. ప్రవాహపు వేగం రెండింతలైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. పైగా ఇంజనూ దాని సందులూ ఉండే చోట నాలుగు వైపులా మూసిన బ్యాటరీ పెట్టె ఉండడంతో నీరు అడ్డంగా నెట్టడానికి వెడల్పాటి పక్క దొరుకుతుంది, ఆ పెట్టె నీటిలో కొంత తేలజూసి టైర్ల మీది భారాన్ని తగ్గిస్తుంది. బ్యాటరీకి ఏమీ కాకపోవచ్చు, బండి మాత్రం కొట్టుకుపోతుంది.

ఈ రెండు జిల్లాల్లో నీరు రోడ్డుకు అడ్డం రావడం నదుల వల్ల కంటే చెరువుల వల్లనే ఎక్కువ. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అదనపు నీరు కట్టుడు గట్టు మీదుగా పొర్లితే, ఆ నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుగా కట్టిన ఏర్పాటులో, పైన ఒక్క కట్ట తెగినా కింద ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు దెబ్బతిన్న వంతెన రైలు కింద కూలినప్పుడు వందమందికి పైగా చనిపోయారు. 2005 అక్టోబర్ 29న అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర తెగిన చెరువు నీరు చిన్న వంతెనను ఊడ్చుకుపోగా, డెల్టా ప్యాసింజర్ రైలు అక్కడికి వచ్చి పడిపోయి మళ్లీ వందమందికి పైగా బలయ్యారు. రైలు బరువును నిలబెట్టలేకపోయిన కట్టడాలను చూసిన నేలలో, లో లెవల్ వంతెన మీద మోకాలి లోతున పారే ఎర్రనీటి కింద రోడ్డు ఇంకా ఉన్నదని నమ్మడానికి ఆధారమేమీ ఉండదు. ఆ ఎర్ర రంగే పైన మట్టి కోసుకుపోతున్నదన్న సూచన.

చిన్న పరీవాహక ప్రాంతం గల ఈ వాగులు ఎంత త్వరగా లేస్తాయో, పైన వాన ఆగితే అంత త్వరగానే దిగుతాయి. గట్టున ఒక రాయిని గురుతు పెట్టుకుని, దాని మీద నీటి చార దిగుతున్నదో ఎక్కుతున్నదో చూడడం ఊళ్లవారి పాత పద్ధతి. నీరు దిగేదాకా తాళం తీసేసి నిలబడితే బ్యాటరీలో చార్జింగు దాదాపు అలాగే ఉంటుంది.