పరిమళ చికిత్స – ఒక విమర్శ

మల్లెపూల తట్ట యున్న గదిలో అడుగు పెట్టినంతనే మనస్సు తేలికపడుట, తొలకరి జల్లునకు నేలనుండి లేచు వాసనకు ప్రాణము లేచివచ్చినట్లుండుట మనకందరకును అనుభవమే. వాసనకును మనస్సునకును సంబంధము కలదనుటకు వేరొక సాక్ష్య మక్కరలేదు. అయితే ఈ సామాన్యానుభవమును పెట్టుబడిగా చేసికొని, లావెండరు తైలము ఆందోళనను పోగొట్టుననియు, నిమ్మతైలము ఉత్సాహము నిచ్చుననియు, బెర్గమాట్ తైలము కుంగుబాటును తొలగించుననియు చిన్న చిన్న సీసాలపై అచ్చువేసి అమ్ముచున్నారు. పరీక్షల కాలమున బెదరు విద్యార్థులును, నిద్రపట్టని తల్లిదండ్రులును వీనిని కొనుచున్నారు. ఇచ్చట అనుభవము ముగిసి వైద్యము మొదలగుచున్నది. వైద్యమని చెప్పినప్పుడు ఋజువు అడుగుట మన హక్కు. ఆ ఋజువు ఎంతవరకు కలదో పరిశీలింతము.

తైలమనగా నేమి?

ముందుగా పేరును గూర్చి ఒక మాట. వీనిని ఇంగ్లీషులో ఎసెన్షియల్ ఆయిల్స్ అందురు. ఆ మాటకు "అత్యవసరమైన నూనెలు" అని కొందరు అర్థము చెప్పుచున్నారు. అది సరికాదు. మొక్కయొక్క సారమును, అనగా ఎసెన్సును, కలిగిన నూనె యని దాని భావము. విటమినులవలె ఇవి శరీరమునకు తప్పనిసరి కావు.

ఇవి నువ్వులనూనెవంటివియు కావు. నువ్వులనూనె కొవ్వు, గాలిలో ఎగిరిపోదు. నీలగిరి తైలము, లవంగ తైలము, నిమ్మగడ్డి తైలము మొదలైనవి ఆవిరియగు స్వభావము కలవి. ఒక కాగితముపై నువ్వులనూనె చుక్కను, దాని ప్రక్కనే నీలగిరి తైలపు చుక్కను వేసి ఎండతగులు చోట ఉంచుడు. మొదటిదాని జిడ్డుమరక నిలిచియుండును. రెండవది కొంతసేపటికి మాసిపోవును. ఈ స్వభావమును బట్టియే వీనిని ఆవిరితో స్వేదనము చేసి మొక్కలనుండి తీయుదురు. నారింజ, నిమ్మ తొక్కలనుండి మాత్రము పిండియు తీయుదురు.

ఒక్కొక్క తైలము అనేక రసాయన పదార్థముల మిశ్రమము. లావెండరు తైలములో ముఖ్యమైనవి లినలూల్, లినలైల్ ఎసిటేట్. నారింజతొక్క నూనెలో అధికభాగము లిమొనీన్. లవంగ తైలములోని యూజినాల్ పంటి వైద్యులకు చిరపరిచితము. కావున ఈ తైలములకు శరీరముపై ఏ ప్రభావమును లేదనుట అజ్ఞానమే. ప్రశ్న అది కాదు. సీసామీద వ్రాసిన ప్రభావము, వ్రాసిన రీతిగా, వాసన చూచుటచేతనే కలుగునా యన్నదే ప్రశ్న.

ఒక కథ, దాని విలువ

పరిమళ చికిత్సకు ఆ పేరు ప్రచారములోనికి తెచ్చినవాడు ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుడు రెనె మారిస్ గట్‌ఫొసె. 1937లో ఈ పేరుతో ఆయన గ్రంథమును ప్రకటించెను. ప్రయోగశాలలో చేయి కాలగా ఆయన దానిని ప్రక్కనున్న లావెండరు తొట్టిలో ముంచెననియు, మంట చల్లారి, మచ్చయైన లేకుండ మానెననియు ఒక కథ ఈనాటికిని చెప్పుచున్నారు. గ్రంథములో ఆయన చెప్పుకొన్నది వేరు. 1910లో ప్రయోగశాలలో ప్రేలుడు జరిగి మంటలంటుకొనగా, ఆయన పచ్చికపై దొర్లి ఆర్పుకొనెను. తరువాత పుండ్లు వేగముగా చెడనారంభించినపుడు లావెండరు సారముతో కడిగి ఫలితము పొందెనట.

ఈ కథకు విలువ లేకపోలేదు. అయితే అది పుండు మానుటను గూర్చినది. మనస్సు కుదుటపడుటను గూర్చినది కాదు. మరియు ఒక్కని అనుభవము పరిశోధనకు ప్రేరణ కాగలదే గాని పరిశోధనకు బదులు కాజాలదు. పిమ్మట మార్గరీట్ మౌరీ యను నామె ఈ తైలములను మర్దనతో జోడించెను. దీనితో మరొక చిక్కు వచ్చినది. తల నొక్కి, వీపు రాచిన తరువాత మనస్సు హాయిగా నున్నచో ఆ ఘనత నూనెదా, చేతిదా? నలుగు పెట్టించుకొని తలంటిపోసికొన్న వారెవరైనను ఈ ప్రశ్న వేయగలరు.

వాసన మెదడునకు పోవు త్రోవ

ఈ చికిత్సను సమర్థించువారు తరచుగా చూపు ఆధారము నాసికానిర్మాణము. దానిలో నిజమున్నది. ముక్కు పైభాగమున వాసనను పట్టు కణములు కలవు. వానిపైనుండు గ్రాహకములను నిర్మించు జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ అను శాస్త్రజ్ఞులు కనుగొని, 2004లో నోబెల్ బహుమానము పొందిరి. మానవునిలో పనిచేయు గ్రాహకములు సుమారు 400 రకములు. దృశ్యము, శబ్దము మొదట థలమస్ అను మెదడు భాగమునకు చేరి అచ్చటినుండి తక్కిన చోట్లకు పోవును. వాసనవార్త అట్లుగాక, భావోద్వేగములకు సంబంధించిన ఎమిగ్డలా అను భాగమును దగ్గరత్రోవన చేరును. ఒక పాతవాసన తగిలినంతనే మరచిన సంగతి కన్నీటితోసహా జ్ఞప్తికి వచ్చుట కిదియొక కారణము కావచ్చును.

కాని ఈ త్రోవ ఉన్నంతమాత్రమున ఫలాని వాసన ఫలాని భావమునే పుట్టించునని తేలదు. ఊదువత్తి వాసన ఒకనికి పూజగదిని జ్ఞప్తికి తెచ్చును. ఇటీవల ఇంటిలో ఆప్తుని పోగొట్టుకొన్న వానికి శవమునొద్ద వెలిగించిన వత్తులను జ్ఞప్తికి తెచ్చును. వస్తువొకటే, ఫలము రెండు. కీళ్ళనొప్పుల మందులలో ఉండు మిథైల్ సాలిసిలేట్ వాసన బ్రిటనులోని వారికి 1960ల నడుమ మిక్కిలి అప్రియముగా తోచినది. అమెరికావారికి అదియే ప్రియమైనది. అచ్చట అది మిఠాయి వాసన. ఇచ్చట మందు వాసన. వాసనయొక్క భావము చాలవరకు నేర్చుకొన్నదే యని దీనివలన తెలియుచున్నది. ప్రపంచమందలి ప్రజలందరకు ఒకే చీటీ వ్రాయుట ఈ కారణముచేతనే అనుమానాస్పదము.

ప్రయోగములు చెప్పునది

మాటయొక్క బలమును తెలుపు ప్రయోగ మొకటి కలదు. 1899లో అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు ఎడ్విన్ స్లాసన్ ఒక సభలో దూదిపై ఒక ద్రవమును పోసి, దాని ఘాటైన వాసన తగిలిన వారు చేతులెత్తవలసినదని కోరెను. నిమిషము లోపలనే ముందు వరుసలనుండి వెనుక వరుసలకు చేతులు లేచినవి. సభ్యులలో ఎక్కువమంది వాసన తగిలినదనిరి. ముందు కూర్చుండినవారిలో కొందరికి ఆ వాసన భరింపరాక లేచిపోవ సిద్ధపడిరి. స్లాసన్ పోసినది స్వేదనజలము!

కావున వాసనయొక్క పనిని మాటయొక్క పనినుండి విడదీయని పరీక్ష పరీక్షయే కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునందు 56 మంది ఆరోగ్యవంతులపై చేసిన పరిశోధన 2008లో వెలువడినది. నిమ్మ, లావెండరు, వట్టినీరు – మూడింటిని వారికి వాసన చూపిరి. కొందరికి ఏమి కలుగునో ముందుగా చెప్పిరి, కొందరికి చెప్పలేదు. నిమ్మవాసన, ముందుగా చెప్పినను చెప్పకున్నను, మనస్సునకు కొంత ఉల్లాసము నిచ్చినది. ప్రసిద్ధికెక్కిన లావెండరు ఇయ్యలేదు. నొప్పి ఓర్చుకొనుటలోగాని, చర్మము బాగుపడుటలోగాని, ఒత్తిడికి గుర్తైన కార్టిసాల్ విషయములోగాని ఈ రెండింటివలనను మేలు కనబడలేదు.

ఆస్ట్రేలియాలో రేడియోచికిత్స పొందుచున్న 313 మంది రోగులపై జరిగిన పరీక్ష 2003లో ప్రకటితమైనది. ఎవరికి ఏది ఇచ్చినది రోగికిని, పరీక్షించు వారికిని తెలియకుండ జాగ్రత్తపడిరి. చికిత్స ముగియునప్పటికి పరిమళము లేని నూనె పొందినవారి ఆందోళనయే తక్కినవారి కంటె తక్కువగా నుండెను. కుంగుబాటులో భేదమే కనబడలేదు.

ఎదుటిపక్షమునకు న్యాయము చేయవలెనన్న మరి రెండు సంగతులు చెప్పవలెను. మొదటిది: జపానులోని కగోషిమా విశ్వవిద్యాలయమువారు 2018లో లినలూల్ ఆవిరి చుంచెలుకల భయమును తగ్గించినదని చూపిరి. వాసన తెలియని ఎలుకలయందు ఈ ఫలితము కలుగలేదు. ఎలుకలకు ప్రకటనలు చదువుట రాదు గనుక ఇది గమనింపదగినది. రెండవది: లావెండరు తైలమును గొట్టపు మాత్రలుగా మ్రింగించి 539 మందిపై పది వారములు జరిపిన పరీక్ష 2014లో వెలువడినది. ఉత్తుత్తి మాత్రలు తిన్నవారి కంటె వీరికి ఆందోళన ఎక్కువ తగ్గినది. కాని ఆ పరీక్షకు సొమ్మిచ్చినవారు ఆ మాత్రలు చేయువారే. మరియు అది కొలత తప్పని మోతాదుతో మ్రింగిన మందు. దాని ఫలితమును చూపి దీపముపై వేసిన రెండు చుక్కలను అమ్ముట తర్కము కాదు.

ప్రకృతిదైనంతనే నిరపాయమా?

మొక్కనుండి వచ్చినది గనుక హానిలేదనుట మరొక అపోహ. ఉమ్మెత్తకాయయు మొక్కనుండి వచ్చినదే. కర్పూరము, నీలగిరి తైలము కడుపులోనికి పోయినచో మూర్ఛలు కలుగవచ్చును. పసిపిల్లల విషయమున కొద్దిపాటియు ప్రమాదమే. అమెరికాలో అంగళ్ళలో అమ్ము మందులందు కర్పూరము 11 శాతమునకు మించరాదని నియమము కలదు. మన ఇండ్లలో ఈ రెండును పిల్లలకందు ఎత్తున ఉండుట సామాన్యము. పూతగా వాడినపుడు కొందరికి చర్మము దద్దురెక్కును. బెర్గమాట్ రాచుకొని ఎండలోనికి పోయినచో చర్మము కమలవచ్చును.

2021లో జరిగిన సంగతి ఇంకను కఠినమైనది. అమెరికాలో నాలుగు రాష్ట్రములలో నలుగురికి మెలియాయిడోసిస్ అను రోగము సోకినది. ఇది దక్షిణాసియా మన్నునందు, నీటియందు ఉండు సూక్ష్మజీవివలన వచ్చును. విచారింపగా, లావెండరు చామంతి పరిమళముగల పిచికారీ సీసాలో ఆ సూక్ష్మజీవి దొరికినది. ఆ సీసా మన దేశమున తయారైనది. ఇద్దరు మరణించిరి, వారిలో ఒకరు చిన్న బాలుడు. దోషము లావెండరుది కాదు, శుభ్రత చూడని తయారీది. కాని మనశ్శాంతికని కొన్న వస్తువును మందువలె పరీక్షింపకుండ అమ్మిన ఏమగునో ఇది తెలుపుచున్నది.

తరగతిలో చేయదగినది

ఉపాధ్యాయులు దీనిని ఖర్చులేని ప్రయోగముగా చేయవచ్చును. తరగతిని రెండు జట్లుగా విభజించి వేరువేరు గదులలో కూర్చుండబెట్టుడు. ప్రతివాని నాడిని ఒక నిమిషము లెక్కించి వ్రాయుడు. ఇరుజట్లకును ఒకే నారింజతొక్క వాసన చూపుడు. ఒక జట్టుతో "ఇది మనస్సును నెమ్మదిపరచును" అనియు, రెండవ జట్టుతో "ఇది చురుకు పుట్టించును" అనియు చెప్పుడు. అయిదు నిమిషముల తరువాత మరల నాడి లెక్కించి, ఎట్లున్నదో వ్రాయుమనుడు. రెండు జట్లలో భేదము కనబడినచో అది తొక్కనుండి వచ్చినది కాజాలదు. తొక్క ఒకటియే గదా! పిమ్మట వారికి నిజము చెప్పి చర్చింపుడు. ముప్పదిమందితో శాస్త్రసత్యము తేలకపోవచ్చును గాని, పోల్చిచూచుట ఎందుకు అవసరమో తేలును.

మనకు తేలిన దేమనగా: మంచివాసన కొంతసేపు మనస్సునకు హాయి నిచ్చును. ఆ హాయిని ఎవరును కాదనవలసిన పనిలేదు. మల్లెపూలు ముడుచుకొనుటకు వైద్యుని అనుమతి అక్కరలేదు. కాని ఆందోళనకును, కుంగుబాటునకును వాసనయే మందనుటకు చాలినంత ఋజువు లేదు. వారములతరబడి నిద్రలేక, తిండి హితవుగాక, చదువుపై మనసు నిలువని విద్యార్థి చేతికి సీసా ఇచ్చి పంపినచో, పోయినది సీసా ఖరీదు మాత్రమే కాదు. సాయమందవలసిన కాలమును పోయినది. అట్టివానిని కూర్చుండబెట్టి మాటలాడవలెను. తల్లిదండ్రులకు తెలుపవలెను. వైద్యునొద్దకు పంపవలెను. భారత ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలిమానస్ సేవను 14416 సంఖ్యకు ఫోనుచేసి ఉచితముగా పొందవచ్చును, తెలుగులోను మాటలాడుదురు. ఈ సంఖ్యను బడి గోడపై పెద్ద అక్షరములతో వ్రాసియుంచుట ఏ తైలముకంటెను మేలు.