పాటలోని క్రీస్తు, పనిలోని క్రీస్తు

ఒక భక్తి కావ్యాన్ని ఏ చోట కూర్చుని చదివితే ఆ చోటు దాని అర్థంలో కొంత కలుస్తుంది. మన పాత క్రైస్తవ కీర్తనలను, జాషువా ‘క్రీస్తు చరిత్ర’ను ఒమాన్ దేశపు బౌషర్ నుండి చూడడం మా ఉద్దేశ్యం. మస్కట్ పరిధిలోని ఈ బౌషర్‌లోనే 2001లో ప్రారంభమైన సుల్తాన్ కాబూస్ పెద్ద మసీదు ఉంది. ఇక్కడి ఘలాలో క్రైస్తవ మందిరాలూ ఉన్నాయి. వాటి స్థలాలు పాలకులు ఇచ్చినవే. మందిరంలో గొంతెత్తి పాడడానికి అడ్డు లేదు. ముస్లిములకు మతం బోధించడాన్ని మాత్రం చట్టం ఒప్పదు. కాబట్టి గోడ దాటాక క్రైస్తవుడు ఇవ్వగల సాక్ష్యం అతని నడవడే.

పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి కీర్తనలు మనకు కొత్త కావు. జాన్ రంగయ్యగారు నెల్లూరు నుండి 1903లో నేటాల్ చేరి, కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పిన నాటి నుండి మన తోటల్లోనూ తెలుగు ఆరాధన సాగింది. ఈ కీర్తనల గొప్పతనం వాటి రాగంలో, తేట తెలుగులో ఉంది. అయితే పాపి మొర, రక్షకుని కరుణ, ఈ రెంటి మధ్యనే అవి ఎక్కువగా తిరుగుతాయి. కూలి లెక్క, అప్పు, తూకం, పొరుగువాని ఆకలి వాటిలో అరుదు. ఇది కవుల తప్పని మేము అనము. పాడి కన్నీరు కార్చడంతో పని తీరిందనుకోవడం పాడేవాని తప్పు.

గుఱ్ఱం జాషువా (1895–1971) దారి వేరు. అంటరానివాడని ఒకవైపు, పురాణాలు చదివి పద్యాలు రాస్తాడని క్రైస్తవ పెద్దల నుండి మరొకవైపు ఆయన నిరసన చవిచూశాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడి తలుపు మూసిన మనిషి తన మొరను గబ్బిలంతో కాశీకి పంపుతాడు. 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన ‘క్రీస్తు చరిత్ర’లో ఆయన యేసు జీవితాన్ని తెలుగు పద్యంలో పెట్టాడు. ఏ మతంవాడైనా చదివి, ఈ మనిషి ఎలా బ్రతికాడని అడగడానికి వీలు కలిగింది. ఇదే ఆ కావ్యానికి మేలైన గుణం. లోపమూ ఉంది. భక్తి గౌరవం వల్ల ‘గబ్బిలం’లోని వేడి ఇక్కడ కొంత చల్లబడింది. అందుకే రెంటినీ కలిపి చదవాలంటాము.

బౌషర్‌లో ఈ చదువు అవసరం మరీ ఎక్కువ. గోదావరి జిల్లాల నుండి, కడప నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వస్తున్నారు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావలసిన స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని భారత ప్రభుత్వ నిబంధన. దాన్ని దాటవేయడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లున్నారు. ఒమాన్‌లో 2020 చివరి దాకా, ఒప్పందం ముగిసినా యజమానిని మారాలంటే పాత యజమాని అనుమతి పత్రం కావలసి వచ్చేది. 2021 జనవరి నుండి ఆ షరతు తొలగింది. పాసు లేనిదే తోట గేటు దాటలేని మన తాతముత్తాతల కథ ఎరిగిన మనకు దీన్ని వివరించనక్కరలేదు. శుక్రవారం కీర్తన పాడి, శనివారం ఫోనులో జీతం ఎక్కువ చెప్పి ఒక పేదరాలిని విమానమెక్కించేవాడు, మన తోటల సర్దారుకు వారసుడే. తన కమీషను పోయినా సరే, “అమ్మా, జీతం ఇంతే, పని ఇంత, సెలవు దొరకదు” అని నిజం చెప్పేవాడు ఒక్క వచనం పలకకపోయినా క్రీస్తు చరిత్రను సరిగా చదివినవాడు.

కావున మా విమర్శ కవుల మీద కన్నా సంఘాల మీదనే. కానుక పళ్ళెంలో పడే డబ్బు ఏ కష్టం నుండి వచ్చిందో పెద్దలు అడగాలి. మోసపోయిన స్త్రీ మందిరానికి వస్తే ముందు ఆమె ఒప్పంద పత్రం చదివిపెట్టి, రాయబార కార్యాలయానికి తోడు వెళ్ళాలి. కీర్తన ఆ తరువాత పాడవచ్చు. అప్పుడది మరింత బాగా వినిపిస్తుందని మా నమ్మకం.