దుమ్మును తూచే బీటా

కమాన్‌పూర్ చుట్టుపక్కల సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బ్లాస్టింగ్ జరిగినా, డంపర్ల వరుస కదిలినా దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించేదాన్ని తుడుచుకుంటాం. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి దుమ్ము సంగతి కొలిస్తే తప్ప తెలియదు. గాలి నాణ్యత కేంద్రాల్లో చాలాచోట్ల ఆ పని బీటా కణాలతో జరుగుతుంది.

కార్బన్-14 నుంచి వచ్చే బీటా కణాలను ముందు శుభ్రమైన ఫిల్టర్ టేపు గుండా పంపి లెక్కపెడతారు. తర్వాత పంపు నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున గాలిని ఆ టేపు మీదుగా లాగుతుంది. దుమ్ము పేరుకున్నకొద్దీ అవతలికి చేరే కణాలు తగ్గుతాయి. ఆ తగ్గుదలను బట్టి దుమ్ము బరువు కడతారు. ఎంత అందమైన ఉపాయం!

నా మెప్పంతా దాన్ని కనిపెట్టుకుని ఉండే టెక్నీషియన్‌కే. నాజిల్ అంచున చిన్న పీచు అంటుకున్నా గాలి పక్కనుంచి దూరి రీడింగు చెడుతుంది. అందుకే ఆయన దూదిపుల్లను ఆల్కహాల్‌లో ముంచి అంచు చుట్టూ ఓపిగ్గా తుడుస్తాడు. లీకేజీ చూస్తాడు, గాలి ప్రవాహం సరిచూస్తాడు. వానాకాలంలో తేమ కూడా దుమ్ము లెక్కలో కలిసిపోతుంది కాబట్టి హీటర్ మీద ఓ కన్ను వేస్తాడు.

ఈ బలహీనమైన బీటా బయటినుంచి తగిలితే చర్మం పైపొరల్లోనే ఆగిపోతుంది. బీటా కణాలు వెదజల్లే పదార్థం శ్వాసతోనో తిండితోనో ఒంట్లోకి చేరితే మాత్రం లోపలి కణజాలానికే దెబ్బ. అందుకే కార్బన్-14 సోర్సు సీలు జోలికి ఆయన పోడు.

పీఎం-10 అనే ఈ సన్నటి దుమ్ముకు మన దేశంలో 24 గంటల పరిమితి ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు. అది దాటిందని ఊరు నిలదీయాలన్నా, దాటలేదని గని చెప్పాలన్నా ఆయన రీడింగే ఆధారం.