పాత పత్రికలలోని వ్యాపారప్రకటనలు : వాని యాకర్షణమును గూర్చిన విచారము

పాత పత్రికల సంపుటములను ముందు పెట్టుకొని కూర్చున్న పరిశోధకుడు తనకు గావలసిన వ్యాసమును వెదకుచు వెదకుచు ప్రకటనల పుటకడ నిలిచిపోవుట మనమందఱ మెఱిగిన విషయమే. తలనొప్పిమందు సీసా, గ్రామఫోను కొమ్ము, చేతిగడియారము, సబ్బుబిళ్ల, ప్రక్కనే రూపాయి అణాలలో వెల. వీని ముందు పుట త్రిప్ప బుద్ధిపుట్టదు. దీనిని కాలక్షేపమని త్రోసివేయుట సులభము. కాని యిటీవల నీ ప్రకటనలను, పాత రేకుడబ్బాలను, పింగాణీపూత బోర్డులను వెలపెట్టి కొనువారు పెరిగిరి. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటపై పఱచు పుస్తకములలో చినిగిన పత్రికకు లేని గిరాకి దాని యట్టకు గలదు. వీనినే పరిశోధనాంశములుగ గోరు విద్యార్థులును మా యొద్దకు వచ్చుచున్నారు. కావున ఈ యాకర్షణ మెట్టిది, దానిని విమర్శకు డెంతవఱకు నమ్మవచ్చును అను ప్రశ్నను తప్పించుకొనుటకు వీలులేదు.

పాతదగుటచేతనే సర్వమును మంచిది కాదనియు, క్రొత్తదగుటచేతనే కావ్యము నింద్యము కాదనియు కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో సూత్రధారునిచే జెప్పించెను. ఆ మాట కావ్యములకు జెల్లును. మన ప్రశ్న దానికంటె భిన్నమైనది. పాత కావ్యము తన కాలముననే కావ్యము. దానిని మెచ్చినవారు నాడే యుండిరి. పాత ప్రకటన యట్లు కాదు. అది తన కాలమున చదువరి చూచి దాటిపోయిన పుట. నాడు పుటగానైన నెవ్వరును మెచ్చనిది డెబ్బదియేండ్లకు మెచ్చదగిన దెట్లయ్యెను?

స్మృతియే కారణమని సామాన్యముగ జెప్పుదురు. ఐరోపీయులు దీనికి నాస్టాల్జియా యని పేరిడిరి. 1688లో యోహానెస్ హోఫర్ అను స్విస్ వైద్యవిద్యార్థి స్వదేశమునకు దూరమైనవారికి గలుగు నొక వ్యాధికి ఈ పేరు గల్పించెను. (ఆ వ్యాధికి లేపనము లేవియు పనిచేయవని వేఱుగ జెప్పనక్కఱలేదు.) స్వెత్లానా బోయిమ్ అను విమర్శకురాలు 2001లో ప్రకటించిన గ్రంథమున దీనిని రెండుగ విభజించినది. పోయినదానిని మరల నిలువబెట్ట జూచునది యొకటి. పోయినదని యెఱిగియే తలపోయునది మఱియొకటి. ఈ విభాగ ముపయోగకరమే. అయినను మా విద్యార్థుల విషయమున నిది చాలదు. ఇరువదియైదేండ్ల యువకునకు 1930 నాటి సబ్బుప్రకటనపై బెంగ యేల? అతడు పోగొట్టుకొన్న దేమియు నందు లేదు గదా!

ఈ ప్రశ్నకు మన వాఙ్మయమున సూక్ష్మమైన సమాధాన మొకటి గలదు. శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాట విన్న దుష్యంతుడు కారణము తోపని యుత్కంఠకు లోనగును. రమ్యమైనవానిని జూచి, మధురమైన ధ్వనులు విని, సుఖముగ నున్నవాడును బెంగపడుటకు దనకు దెలియని జన్మాంతర స్నేహములు స్ఫురించుటయే కారణము కాబోలునని యతడు తలచును. అభినవగుప్తుడు రససూత్రవ్యాఖ్యలో నీ శ్లోకమును దెచ్చి, ఇందలి స్మృతి తార్కికులు చెప్పు స్మృతి కాదనెను. ఏలయన, నా యర్థము పూర్వ మనుభవింపబడినది కాదు. అనుభవింపనిదానిని తలచుకొనుట యనునది తర్కమున దోషము. ఆస్వాదమున మాత్రము నిత్యము జరుగుచున్నది. పాత ప్రకటనముందు యువకుడు పొందునది సరిగా నిట్టి స్మృతియే యని మా యభిప్రాయము.

అట్లయిన నిది రసమా? ఈ ప్రశ్నకు అవునని చెప్పుటకు తొందరపడువారు గలరు. వారి వాద మిట్లుండును: ప్రకటన అచ్చయిన దినమున దాని ప్రయోజనము లౌకికము. చదువరి కొనవలెను, కొనుటకు డబ్బు కావలెను, మోసపోదుమేమో యను శంకయు వెంటనుండును. కాలము గడచి యంగడి మూతపడినపిదప ఈ శంకలన్నియు దొలగును. కొనుటకు వీలులేనిదాని ముందు చదువరి వట్టి ద్రష్ట యగును. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణ మిదియే కదా యని వారు ముగింతురు. వాదము చమత్కారముగ నున్నది; కాని నిలువదు. అమృతాంజనము నేటికిని ప్రతి యంగడిలో దొరకుచున్నది. దాని పాతప్రకటన మాత్రము మూతపడిన యంగడి ప్రకటనకంటె తక్కువ ముచ్చటగా లేదు. కావున వస్తువు దొరకకపోవుట కారణము కాదు. అంతకంటె ముఖ్యమైన విషయము, సాధారణీకరణము కవివ్యాపారమువలన గలుగును గాని పంచాంగము మారుటవలన గలుగదు. భరతుడు స్మృతిని ముప్పదిమూడు వ్యభిచారిభావములలో జేర్చెను. వ్యభిచారి యొక స్థాయి నాశ్రయించి వచ్చును, పోవును. పాత ప్రకటనలో నట్టి స్థాయి లేదు. అందుచేతనే పది ప్రకటనలు చూచినవాని కుత్సాహము నూఱవదానికడ మిగులదు. నూఱు పద్యములు చదివిన సహృదయుని స్థితి వేఱు.

దోషము గుణముగ మాఱుట యను మఱియొక లక్షణ మిందు గలదు. భోజుడు వైశేషికగుణములను బేర నిట్టివానిని చర్చించినాడు. గ్రామఫోను ప్లేటు దీనికి చక్కని యుదాహరణము. లక్కతో జేసిన యా ప్లేటు ఒక్కొక్కవైపున సుమారు మూడు నిమిషములే పాడును. సూదిక్రింద గరగరమను రొద సాగుచునే యుండును. ఆ రొదను పోగొట్టుటకు నాటి యంత్రజ్ఞులు పడిన శ్రమ యింతంత కాదు. నేడు రొదలేని పాటకు రొదను గలిపి యమ్మువారున్నారు! పాత రంగులు ఒకదానిపైనొకటి సరిగ బడక యంచులు చెదరిన బొమ్మలను మెచ్చుటయు నిట్టిదే. ఇందు గుణమును జూచుట తప్పు గాదు. కాని భోజుని లక్షణమున దోషమును గుణముగ జేయునది కవి యౌచిత్యము. ఇచట మన దూరమే యా పని చేయుచున్నది. ఈ భేదమును మఱచినచో విమర్శ మెప్పుగ దిగజాఱును.

ఇంతవఱకు ఆకర్షణమును గూర్చి చెప్పితిమి. ఆకర్షణము తగ్గినపిదప మిగులున దేమి యనునదియే పరిశోధకునకు ముఖ్యము. మిగులునది చాల గలదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867–1938) 1893లో బొంబాయిలో అమృతాంజన వ్యాపారము నారంభించిరి. 1908లో నచటనే ఆంధ్రపత్రికను వారపత్రికగ స్థాపించిరి. 1914లో మద్రాసునుండి యది దినపత్రిక యయ్యెను. 1924 జనవరిలో భారతి వెలువడి 1991 వఱకు నడచెను. ఈ పత్రికల నష్టముల నా లేపనపు లాభము భరించినదను మాట మన వాఙ్మయచరిత్రలలో నొక వాక్యముగ గాన్పించును; అంతటితో చరిత్రకారుడు భావకవిత్వమునకు బోవును. కాని యోచింపుడు. శాసనపరిశోధనము, ఛందోవివాదము, ఖండకావ్యము, కథానిక యచ్చగుటకు గావలసిన కాగితమును సిరాను ఏ పుటలు సంపాదించెనో యా పుటలనే మనము వాఙ్మయమునకు వెలుపలివిగ నెంచుచున్నాము. 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరిగారును ఔషధవ్యాపారియే. వారి లోధ్ర స్త్రీలకు మందు. వారి పత్రిక స్త్రీలకు చదువు. రెండింటిని వేఱువేఱు వారలకై తయారుచేయలేదు. ఎవ రా మందు కొనునో వారే యా పత్రిక చదువుదురని తలచిన సంపాదకుని మనస్సులో స్త్రీపాఠకురాలి రూప మెట్లుండెనో తెలిసికొనుటకు సంపాదకీయమును ప్రకటనను గలిపి చదువక తప్పదు. అట్టి పఠనము మన విశ్వవిద్యాలయములలో నింకను సరిగ నారంభము కాలేదనియే మేము తలచుచున్నాము.

భాషావిషయమున లాభము మఱింత ప్రత్యక్షము. పాత ఔషధప్రకటనలలో క్రియలు మిక్కిలిగ తద్ధర్మార్థమున నుండును: పోగొట్టును, కలిగించును, దొరకును. నేటి ప్రకటన చదువరిని వేడును, ఆజ్ఞాపించును, మేలమాడును. నాటిది లోకస్వభావమును జెప్పినట్లు చెప్పును. నిప్పు కాల్చును, నీరు పల్లమునకు బోవును, ఈ లేపనము నొప్పిని మాన్పును. మూడును నొక్క స్వరమే. ఇది వైద్యగ్రంథముల తెలుగు టీకలలోని స్వరము; స్తోత్రముల తుదినుండు ఫలశ్రుతి స్వరమును నిదియే. చదివినవారికి, విన్నవారికి, ధరించినవారికి నీ ఫలములు గలుగునని వరుసగ జెప్పు నలవాటు మన జాతికి చిరపరిచితము. వ్యాపారి యా యలవాటును క్రొత్తగ నేర్చుకొనలేదు. ఇంటనున్నదానిని దుకాణమునకు దెచ్చుకొనెను. పాశ్చాత్య ప్రకటనపద్ధతుల యనుకరణమే మన ప్రకటనభాష యనువారు ఈ సామ్యమును బరిశీలింపవలసి యున్నది. బొమ్మలు, పుటకూర్పు విదేశముల నుండి వచ్చెననుట నిజమే. వాక్యము మాత్రము మనది.

వీనికి దోడు యోగ్యతాపత్రములు. జమీందారులు, వకీళ్లు, ఉపాధ్యాయులు మందు వాడి గుణము గంటిమని వ్రాసిన లేఖలు ప్రకటనలలో నచ్చగుచుండెను. ఆ కాలపు కావ్యములకు ముందును పండితాభిప్రాయములు చేర్చు నాచార ముండెను. రెండింటి పదజాలమును బోల్చిచూచిన విద్యార్థికి నవ్వు రాకమానదు. నవ్విన పిదప పని ప్రారంభింపవలెను. ఎవరి మాట ప్రమాణమని సమాజము నమ్మెనో యా పట్టిక యందున్నది. ఆ పట్టికలో కూలివాని పేరు కానరాదు.

గ్రాంథిక వ్యావహారిక వివాదమునకు సైతము ఈ పుటలు సాక్ష్యములు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పాఠ్యపుస్తకములలో, పత్రికలలో కావలెనని పోరాడిన భాష ప్రకటనలలో నెప్పుడు, ఏ వస్తువుతో ప్రవేశించినది? మందులతోనా, సినిమాలతోనా, సబ్బులతోనా? దీనిని సంవత్సరక్రమమున లెక్కించి చూపిన సిద్ధాంతవ్యాస మొకటి వచ్చినచో, వివాదములోని యుభయపక్షముల వాదములను దిరిగి వల్లించు పది వ్యాసములకంటె మేలు.

వెలలను జదువుటలో మాత్రము జాగరూకత వలయును. 1-4-0 అని యున్నచో నది రూపాయి నాలుగణాలు, అనగా నేటి లెక్కలో 1.25 రూపాయలు, 1.40 కాదు. అణాకు పండ్రెండు పైసలు, రూపాయికి పదునాఱణాలు. ఈ లెక్క 1957 ఏప్రిల్ 1 వఱకు నడచెను. హైదరాబాదు సంస్థానపు పత్రికలలో నింకొక చిక్కు గలదు. అచట హాలీ సిక్కా చెల్లుచుండెను. బ్రిటిషిండియా నాణెమును కల్దారనిరి. ఆఱు కల్దారులకు సుమారు ఏడు హాలీ రూపాయలు. గోలకొండ పత్రిక వంటివానిలో వెలను జూచినపుడు ఏ రూపాయి యని యడుగక ముందుకు బోరాదు. పాతకాలమున నన్నియు చౌక యని నిట్టూర్చువారు నాటి కూలిని, గుమాస్తా జీతమును ప్రక్కన బెట్టి చూతురు గాక.

ఈ నిట్టూర్పే మాకు భయము గలిగించుచున్నది. అభిరుచి యేరుకొనును. ముద్దులొలుకు బొమ్మలు, వంపుతిరిగిన యక్షరములు పటములు కట్టబడుచున్నవి. నలుపు పోయి తెలుపు వచ్చునను లేపనములు, నరముల బలహీనతకు లేహ్యములు, సంతానము లేని స్త్రీకి మాత్రమే లోపమంటగట్టిన మందులు, ఇవి యెవరి గోడపైనను గానరావు. ఇవియు నా పుటలలోనివే. ఇంపైనవానిని మాత్రమే యేరి వ్రాసిన వ్యాసము పరిశోధన గాదు. అది గడచిన కాలమునకు వ్రాసిన యోగ్యతాపత్రము.

ప్రకటన తన ప్రయోజనమును మార్చుకొను విధమునకు క్యాలెండరు మంచి యుదాహరణము. రవివర్మ 1894లో బొంబాయిలో శిలాముద్రాలయము స్థాపించిన తరువాత దేవతాచిత్రము సామాన్యుని యింటికి వచ్చినది. పిదప కోవిల్పట్టిలో కొండయ్యరాజు (1898–1976), అతని శిష్యులు వ్రాసిన లక్ష్మీసరస్వతులు శివకాశిలో నచ్చయి దక్షిణదేశమంతట వ్యాపించిరి. బట్టలకొట్టువాడో, కిరాణావర్తకుడో సంవత్సరాదికి దానిని ఖాతాదారున కిచ్చును. సంవత్సరము గడచును, గృహిణి తేదీల కాగితమును చించివేసి చిత్రమునకు జట్టము కట్టించి దేవుని గూటిలో నుంచును. అమ్మవారి పాదములక్రింద కొట్టుపేరు, వీధిపేరు నట్లే యుండును. పసుపు కుంకుమలు దానికిని దగులును. ఇప్పుడా పటమునే సంగ్రాహకుడు కొనిపోవుచున్నాడు. అతనికి కుంకుమ మరక వలన వెల హెచ్చును. వర్తకునకు ప్రకటన, గృహిణికి దేవత, సంగ్రాహకునకు పాతవస్తువు. మూడవవాని యానందమును మేము తక్కువ చేయము. అయితే వస్తువునుగూర్చి యెక్కువ యెఱిగినది రెండవ యామె; ఆమెను మన మింకను ప్రశ్నింపలేదు. నేడు డెబ్బది, ఎనుబది యేండ్ల వయసున నున్న గృహిణులను కలిసి యే చిత్రమును ఎందుకుంచిరో, దేనిని తీసివేసిరో వ్రాసికొనుటకు వ్యవధి యెక్కువ లేదు.

తుదకు గ్రంథాలయముల మాట. పత్రికలను సంపుటములుగ కట్టునపుడు అట్టలను, ప్రకటనపుటలను తీసివేయు నలవాటు పలుచోట్ల నుండెను. ఆ పుటలకు సంఖ్యలు లేకుండుటయో, వేఱు సంఖ్యలుండుటయో దీనికి వీలిచ్చెను. సంపుటమును సన్నము చేయవలెనను పొదుపు తోడయ్యెను. మేము చూచిన యొక సంపుటమున కథ ముగియక మునుపే పుట తెగియున్నది. వెనుకవైపు ప్రకటన యుండుటచే కథ చివరిభాగము దానితో బోయినది. అట్టి సంపుటములనుండియే నేడు ఛాయాప్రతులు తీసి యంత్రములకెక్కించుచున్నారు. తెరమీద చూచు విద్యార్థి సంచిక సమగ్రమనియే నమ్మును. కావున ఛాయాప్రతి నాధారముగ గొను ప్రతి సిద్ధాంతవ్యాసమునందును ఏ సంచికకు అట్ట గలదో, ఏ సంచికకు ప్రకటనపుటలు గలవో, ఏవి లేవో యొక పట్టిక యుండవలెనని శాఖలు నియమింపవలసి యున్నది. విడిసంచికలు మిగిలియున్న యిండ్లు కృష్ణా, గోదావరి మండలములలో నింకను కొన్ని గలవు. వానిని కట్టు కట్టింపకుండ నున్నవి యున్నట్లుగనే తీసికొనుట మంచిది.