కొలిమితిత్తి కారెక్కింది

చిన్నప్పుడు మా ఊరి కమ్మరి దగ్గర తిత్తి ఊదడానికి పిల్లలం పోటీ పడేవాళ్లం. గాలి ఎంత కొడితే నిప్పు అంత ఎర్రబడేది. మితిమీరితే మాత్రం ఆయన కసిరేవాడు: ‘‘నెమ్మది రా! ఇనుము కాలిపోద్ది.’’ ఆ కసురు మళ్లీ గుర్తొచ్చింది అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, మా పిన్ని కొడుకు గరాజ్‌లో. వాడు తన మస్టాంగ్‌కి సూపర్‌చార్జర్ బిగిస్తుంటే రెండు రోజులు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సూపర్‌చార్జర్ అంటే మరేం లేదు, ఇంజన్ తన బెల్టుతో తనే ఊదుకునే కొలిమితిత్తి.

కారు 2018 మోడల్ మస్టాంగ్ జీటీ. లోపల ‘కొయోటీ’ అని పిలిచే 5 లీటర్ల వీ8 ఇంజన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడే 460 హార్స్‌పవర్. ఈ మోడల్‌కి రౌష్ సంస్థ అమ్మే కిట్ పెడితే 700 వస్తుందని ఆ సంస్థే చెబుతుంది. ఆ అంకె చూసి నోరెళ్లబెట్టాను. మావాడు నవ్వాడు. ‘‘గాలి ఎక్కించడం ఎవరైనా చేస్తారన్నయ్యా. అంత గాలికి ఇంజన్ చెడకుండా చూసుకోవడమే అసలు పని.’’

ముందుగా అట్టపెట్టెలోంచి తీసిన యంత్రం సంగతి. 1860లో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడుపుతున్న రూట్స్ సోదరులు దీని మూలరూపానికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి కార్లే లేవు. వాళ్ల బ్లోయర్ స్థిరపడింది ఇనుము కరిగించే కొలుముల్లోనే. కాబట్టి తిత్తితో పోలిక నేను కల్పించింది కాదు, దీని పుట్టుకలోనే ఉంది. ఇప్పటి దాని లోపల ఉన్నవి ఈటన్ కంపెనీ టీవీఎస్ రోటార్లు. మన మోపెడ్ టీవీఎస్ కాదు, ‘ట్విన్ వోర్టిసెస్ సిరీస్’కి పొట్టి పేరు. ఒక్కో రోటార్‌కి నాలుగు రెక్కలు, అవి ఈ కొస నుంచి ఆ కొసకి 170 డిగ్రీలు మెలి తిరుగుతాయి. పాత ఈటన్ రోటార్లకి మూడే రెక్కలు, మెలిక 60 డిగ్రీలే. మెలిక పెరిగేకొద్దీ గాలి దెబ్బలు దెబ్బలుగా కాకుండా ధారగా సాగుతుంది. అందుకే పాత బ్లోయర్ల రొద దీనికి లేదు.

పుల్లీని వేలితో తిప్పి చూడమన్నాడు. నూనెలో పడుకున్నట్టు తిరిగింది. చెరకు గానుగలో రోలర్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఇక్కడ రెండు రోటార్లూ ఒకదాని రెక్కల మధ్యకి మరొకటి దూరుతాయి కానీ ఎక్కడా తాకవు. రెండు గేర్లు వాటి వరసని పట్టి ఉంచుతాయి. మధ్య సందు వెంట్రుక మందం లెక్కలో ఉంటుంది. పెద్దదైతే గాలి వెనక్కి జారిపోతుంది, లేకపోతే లోహం లోహాన్ని కొరుకుతుంది. ఇంజన్ 7,000 చుట్లు తిరిగేటప్పుడు, పుల్లీల నిష్పత్తి రెండైతే, ఇవి నిమిషానికి 14,000 చుట్లు తిరగాలి.

గాలి లెక్క కాగితం మీద వేసి చూపించాడు. అయిదు లీటర్ల ఇంజన్ చుట్టుకి రెండున్నర లీటర్ల గాలి పీలుస్తుంది. ఈ బ్లోయర్ తన ఒక్కో చుట్టుకి 2.65 లీటర్లు తోస్తుంది, పైగా ఇంజన్ కంటే వేగంగా తిరుగుతుంది. పట్టనంత గాలి వచ్చిపడితే ఒత్తిడి పెరుగుతుంది, దాన్నే బూస్ట్ అంటారు. చిక్కేమిటంటే ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు పట్టుకున్నవాళ్లకి ఇది తెలుసు. 25 డిగ్రీల గాలిని 0.6 బార్ అదనంగా ఒత్తితే అది 80 డిగ్రీలు దాటుతుంది. ఈ ఇంజన్ కంప్రెషన్ అసలే 12:1. అంత వేడి గాలి లోపలికి వెళితే పెట్రోలు నిప్పురవ్వ అంటించిన మంట తనదాకా వచ్చేవరకూ ఆగదు, తనంతట తానే పేలి పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. నాకింగ్ అంటే అదే. కమ్మరి భయపడిన ‘కాలిపోద్ది’ ఇక్కడ ఇదన్నమాట.

పని మొదలైంది. పాత ప్లాస్టిక్ మానిఫోల్డ్ తీయగానే ఎనిమిది సిలిండర్లకి గాలి వెళ్లే దారులు నోళ్లు తెరుచుకుని కనిపించాయి. మరో స్పానర్ ముట్టుకోకుండా ముందు ఆ నోళ్లన్నిటికీ టేప్ అంటించాడు. ఒక్క వాషర్ జారి లోపల పడితే ఇంజన్ మొత్తం విప్పాలి. ఆ తరవాత గ్యాస్కెట్ కూర్చునే అంచుల్ని ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచాడు. తుడిచి వేలి గోరు అంచు వెంట నడిపించాడు. ఒకచోట ఆగి మళ్లీ తుడిచాడు. నా కంటికి అక్కడ ఏమీ కనిపించలేదు. వీ ఆకారం లోయలో నాకింగ్‌ని వినే సెన్సార్లు ఉన్నాయి. పైన బ్లోయర్ కూర్చున్నాక అక్కడికి చెయ్యి పోదు. వాటి వైర్లు సరిగ్గా గుచ్చుకున్నాయో లేదో మూడుసార్లు చూశాడు.

బ్లోయర్ ఒక్కరు ఎత్తే బరువు కాదు. ఇద్దరం చెరో వైపు పట్టుకుని, పసిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించాం. బోల్టులన్నీ మొదట చేత్తోనే ఎక్కించాడు. తరవాత మధ్య నుంచి అంచులకి, అటొకటి ఇటొకటి, టార్క్ రెంచ్‌తో రెండు విడతలుగా బిగించాడు. ‘‘ఇంకాస్త గట్టిగా తిప్పరాదా?’’ అన్నాను. ‘‘బలం చూపించే చోటు కాదన్నయ్యా. అల్యూమినియం మర పోతే మళ్లీ రాదు,’’ అన్నాడు. రెంచ్ ‘టిక్’ అనగానే చెయ్యి తీసేయడం, చూడ్డానికి చిన్న విషయం. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా వాడు ఆ టిక్ దాటలేదు.

ప్లగ్గుల దగ్గర అరగంట గడిపాడు. ఒత్తిడి పెరిగిన గాలిలో నిప్పురవ్వ దూకడం కష్టం, కాబట్టి సందు తగ్గించాలి. ఫీలర్ గేజ్ రేకు పెట్టి 0.8 మిల్లీమీటర్ల దగ్గర సరిచేశాడు. రేకు జారేటప్పుడు వేలికి తగిలీ తగలనట్టుండాలట. బెల్టు వేశాక పుల్లీల ముఖాల మీద స్టీల్ స్కేలు ఆనించి అన్నీ ఒకే గీతలో ఉన్నాయని చూసుకున్నాడు. పుల్లీ కాస్త వంకరున్నా బెల్టు జారి నల్లటి పొడి రాలుస్తుంది, ఆపైన బూస్ట్ పడిపోతుంది.

అందరూ తొందరపడేది నీళ్ల దగ్గరేనన్నాడు. ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వేరే కూలెంట్, వేరే పంపు, ముందు భాగంలో వేరే చిన్న రేడియేటర్ ఉంటాయి. ఆ గొట్టాల్లో గాలి బుడగ నిలిచిందంటే అంత ఏర్పాటూ దండగే. పంపు నడిపించి చెవి ఆనించాడు. గళగళమన్నంతసేపూ కూలెంట్ పోస్తూ, గొట్టం పిసుకుతూనే ఉన్నాడు. శబ్దం సన్నని ఝుంకారంగా మారాక గానీ మూత పెట్టలేదు.

చివరికి ల్యాప్‌టాప్ పెట్టి ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త లెక్కలు ఎక్కించాడు. బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోలు ఎంత ఎక్కువ చల్లాలి, రవ్వ ఎంత ఆలస్యంగా వెయ్యాలి అన్నవే అవి. బానెట్ కింద చిన్న స్టిక్కర్ కూడా అంటించాడు. పొగ నిబంధనలకి ఈ కిట్ లోబడి ఉందని కాలిఫోర్నియా వాయు మండలి ఇచ్చిన అనుమతి నంబరది. మన దేశంలో అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకి అడ్డొస్తుంది. ఇలాంటి పనితనం హైదరాబాద్ రోడ్ల మీద అరుదుగా కనిపించడానికి అదీ ఒక కారణం.

బండి స్టార్టయింది. పెద్ద గర్జన వస్తుందనుకున్నాను, లేదు. మామూలు వీ8 గురగుర కింద ఒక సన్నని ఈల, అంతే. వీధి చివరి దాకా ముప్పై మైళ్ల వేగం దాటకుండా వెళ్లి, అంతే నెమ్మదిగా వెనక్కి తెచ్చాడు. ‘‘ఒక్కసారి తొక్కు, చూద్దాం,’’ అన్నాను. తొక్కలేదు. స్క్రీన్ మీద నాకింగ్ గీత చూసుకుని, బెల్టు కింద టార్చి వేసి పొడి రాలలేదని చూసుకుని, బానెట్ మూశాడు.

మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో గరాజ్‌లోకి వెళ్లేసరికి వాడు అప్పటికే అక్కడున్నాడు. చల్లారిన ఇంటర్‌కూలర్ ట్యాంకు మూత తీసి చూస్తున్నాడు. రాత్రికి రాత్రి మట్టం ఒక వేలు దిగింది, ఎక్కడో దాక్కున్న చివరి బుడగ బయటికొచ్చిందన్నమాట. చిన్న గ్లాసెడు కూలెంట్ పోసి గీత దాకా నింపి, మూత తిప్పి, పంపు మీద చెవి పెట్టాడు.