బట్టల బరువు ఎవరిది? ‘షేర్ ద లోడ్’ ప్రచారంపై ఒక పరిశీలన

ఈ భాగంలో ఒక వ్యాపార ప్రకటనను కథనో కవితనో చదివినట్లే చదువుదాం. ప్రకటనను విమర్శించడమంటే అది మంచిదో చెడ్డదో తేల్చి పక్కన పెట్టడం కాదు. అది ఎవరిచేత మాట్లాడిస్తోంది, ఎవరితో మాట్లాడుతోంది, ఏది చూపి ఏది విడిచిపెడుతోంది అని అడగడం. ఇందుకు ఏరియల్ డిటర్జెంటు కోసం మన దేశంలో నడిచిన ‘షేర్ ద లోడ్’ ప్రచారాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ప్రచార స్వరూపం

ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ కోసం బీబీడీవో ఇండియా అనే ప్రకటనల సంస్థ 2015లో ఈ ప్రచారాన్ని రూపొందించింది. మొదటి చిత్రంలో ఇద్దరు పెద్దావిడలు కోడలి ఉద్యోగం గురించి, సంపాదన గురించి మురిపెంగా మాట్లాడుకుంటూ ఉంటారు. ఇంతలో తన ఆకుపచ్చ చొక్కా ఎందుకు ఉతకలేదని ఒక మగగొంతు అడుగుతుంది. బట్టలు ఉతకడం ఆడవాళ్ల పనేనా అన్న ప్రశ్నతో చిత్రం ముగుస్తుంది. దుస్తుల లోపల కుట్టే ఉతుకు సూచనల చీటీ మీద, వీటిని ఆడవారూ మగవారూ ఉతకవచ్చు అన్న మాట చేర్చడం కూడా ఈ ప్రచారంలో భాగమే.

2016లో వచ్చిన రెండో చిత్రం దేశం దాటింది. కూతురి ఇంటికి వచ్చిన తండ్రి ఆమెను గమనిస్తాడు. ఆఫీసు నుంచి వచ్చిన ఆమె ఫోనులో మాట్లాడుతూనే వంట, పిల్లవాడి పని, బట్టలు అన్నీ చూసుకుంటుంది. భర్త టీవీ ముందు కూర్చుంటాడు. తానూ జీవితమంతా ఇలాగే కూర్చున్నానని తండ్రికి తెలిసివస్తుంది. కూతురికి క్షమాపణ లేఖ రాసి, తన ఇంటికి వెళ్లి, తన బట్టలు తానే మెషీనులో వేస్తాడు. అప్పట్లో ఫేస్‌బుక్ ఉన్నతాధికారిగా ఉన్న షెరిల్ శాండ్‌బర్గ్ ఈ వీడియోను ప్రశంసిస్తూ తన పేజీలో పంచుకున్నారు. 2019లో వచ్చిన మరో చిత్రం, కూతుళ్లకు నేర్పేది కొడుకులకు ఎందుకు నేర్పడం లేదని తల్లులను అడిగింది.

ఎందుకు విజయం సాధించింది?

మొదటి కారణం, సమస్య నిజమైనది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు పైబడిన స్త్రీలలో 81.2 శాతం మంది ఏ రోజైనా జీతంలేని ఇంటిపని చేసేవారు. పురుషులలో 26.1 శాతమే. చేసేవారిలోనూ స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించేవారు.

రెండో కారణం కథన నైపుణ్యం. ఇందులో దుర్మార్గుడు లేడు. తిట్టు లేదు. తప్పు ఒక మనిషిది కాదు, తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్న అలవాటుది అని చిత్రం చెబుతుంది. అందుకే ఒక కూతురు దీన్ని తన తండ్రికి, ఒక భార్య తన భర్తకు గొడవ లేకుండా పంపగలిగింది. ఎదురుగా అనలేని మాటను వీడియో అన్నది. సామాజిక మాధ్యమంలో ‘పంచుకోవడం’ ఇక్కడ ఒక సంభాషణ అయింది. ఈ మేలును తక్కువ చేయకూడదు.

ఎక్కడ ఆగిపోయింది?

ఇప్పుడు రెండోసారి చూడండి. 2016 చిత్రాన్ని నడిపించే గొంతు తండ్రిది. కూతురు పని చేస్తుంది, లేఖ అందుకుంటుంది, కన్నీరు పెడుతుంది. తన అలసట గురించి ఆమె నోట ఒక్క మాట లేదు. విమల ‘వంటిల్లు’ కవితను గుర్తు తెచ్చుకోండి. అందులో మాట్లాడేది ఆ పని తెలిసిన స్త్రీయే. ఆమె అనుభవం కోపంగా మారుతుంది. ప్రకటనలో అది పురుషుడి పశ్చాత్తాపంగా మారుతుంది. కోపాన్ని తండ్రికి పంపడం కష్టం, పశ్చాత్తాపాన్ని పంపడం సులభం. విజయరహస్యమూ పరిమితీ ఒకచోటే ఉన్నాయి.

రెండోది, ప్రచారం పేరులో ఉన్నది వాటా. తండ్రి ఇస్తానన్నది సాయం. ‘మా ఆయన ఇంటిపనిలో సాయం చేస్తాడు’ అని మనం మెచ్చుకోలుగా అంటాం. పని ఆమెదే అన్న ఒప్పుదల ఆ మాటలోనే ఉంది.

మూడోది, ప్రశ్న హద్దును సరుకు నిర్ణయించింది. పొడి ఎవరు వేసినా పొడి అమ్ముడవుతుంది. కాబట్టి ఎవరు ఉతకాలి అన్న ప్రశ్న కంపెనీకి నష్టం లేనిది. ఇంటిపనికి విలువ కట్టాలా, ఆఫీసు పనిగంటలు తగ్గాలా అన్న ప్రశ్నలు చిత్రంలోకి రావు.

నాలుగోది మన సమాజానికి సంబంధించినది. తెలుగు పల్లెల్లో ఊరి బట్టలు ఉతకడం తరతరాలుగా ఒక కులంపై మోపిన పని. ఆ కులంలో ఆడామగా ఇద్దరూ రేవుకు వెళ్లారు. నిజాం కాలపు తెలంగాణలో దొరల ఇళ్లకు దాన్ని వెట్టిగా చేశారు. నేటి పట్టణాల్లో చాలా ఇళ్లలో అది పనిమనిషి చేతిమీదుగా సాగుతోంది. భార్యాభర్తలు, ఒక మెషీను మాత్రమే ఉన్న ఇల్లు చూపినప్పుడు ఈ మనుషులందరూ తెర బయట ఉండిపోతారు. ‘ఆడవాళ్ల పనేనా’ అన్న ప్రశ్నకు ముందు ‘ఏ ఆడవాళ్ల’ అన్న ప్రశ్న ఉంది.

ముగింపు

ఒక మాట ఒప్పుకోవాలి. స్త్రీవాద కవిత్వాన్ని ఏళ్ల తరబడి తరగతిలో బోధించాను. ఆ తరగతులకు వేసుకెళ్లిన చొక్కా ఎవరు ఉతికి ఇస్త్రీ చేశారో ఒక్కరోజూ ఆలోచించలేదు. పదవీ విరమణ తర్వాత ఈ చిత్రం చూసినప్పుడు నా భార్య ఏమీ అనలేదు. ఇంకోసారి పెట్టమంది, అంతే. ఇప్పుడు మా ఇంట్లో బట్టలు ఉతికి ఆరేసే పని నాది. దానికి నన్ను మెచ్చుకునేవారు చాలామంది. ఆమెను ఆ పనికి ఎవరూ మెచ్చుకున్నట్లు నాకు గుర్తు లేదు. ప్రకటన నన్ను కదిలించింది. కానీ ఈ తేడా ఎందుకో అది చెప్పలేదు. అది చెప్పాల్సింది విమర్శ.

మీలో చాలామంది ఇంటిపని ముగించుకుని, అందరూ పడుకున్నాక ఈ పుస్తకం తెరుస్తారని నాకు తెలుసు. ఈ అంశంపై మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. ఆ తెలిసినదానితోనే ఈ అభ్యాసం చేయండి.

అభ్యాసం: 2016 చిత్రంలోని కూతురు తండ్రికి జవాబు రాస్తే ఏమి రాస్తుంది? పదిహేను వాక్యాల్లో రాయండి. ‘సాయం’ అన్న మాట వాడకండి.